ఏబది యేండ్ల లెక్క



1975వ సంవత్సరమున శంషాబాదులో పదవ తరగతి ముగించిన మేమందఱము ఏబది యేండ్లకు మరల నొకచోట గూడవలెనని మా తోడివారు కొందఱు సంకల్పించిరి. పూర్వ విద్యార్థుల సమ్మేళనమని దానికి పేరు. ఆహ్వానపత్రికలో నొక నియమము గలదు: బడి విడిచిన నాటినుండి నేటివఱకు తన జీవిత మెట్లు గడచినదో ప్రతియొక్కరును మూడు నిమిషములలో చెప్పవలెను. జీవితమంతయు తెలుగు పండితుడనై పాఠములు చెప్పిన నాకు మూడు నిమిషము లొక లెక్కా యని తలచితిని. కాగితము ముందు బెట్టుకొని కూర్చున్న పిమ్మటగాని అందలి కష్టము తెలియలేదు.

మన పెద్దలు ఏ కర్మ కుపక్రమించినను సంకల్పము చెప్పుకొందురు. అందు కాలమును, దేశమును చెప్పిన తరువాతనే కర్త తన గోత్రనామములను చెప్పుకొనును. తా నెవ్వడో చెప్పుటకు ముందు తా నెప్పుడు, ఎక్కడ నిలిచియున్నాడో చెప్పవలెనని దాని భావము. నా లెక్కయు నట్లే మొదలుపెట్టెదను.

మేము చదువుకొను నాళ్లలో శంషాబాదు బెంగుళూరు బాటపై నొక పెద్ద పల్లె. చుట్టును జొన్నచేలు, ద్రాక్షతోటలు. మా రైలు స్టేషనునకు ఉందానగరని పేరు. మేము పరీక్ష వ్రాసిననాడు మా యూరు హైదరాబాదు జిల్లాలోనిది. 1978లో రంగారెడ్డి జిల్లా యేర్పడగా అందు జేరెను. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. గడప దాటకయే మాకు జిల్లాయు, రాష్ట్రమును మాఱినవి.

వీనియన్నిటికంటె పెద్ద మార్పు విమానాశ్రయము. 2005 మార్చి 16న దానికి శంకుస్థాపన జరిగెను. 2008 మార్చి 23న రాకపోకలు మొదలయ్యెను. బేగంపేటనుండి నడచుచుండిన ప్రయాణికుల విమానము లన్నియు నిచటికి వచ్చెను. దాని విస్తీర్ణము దాదాపు 5,500 ఎకరములు. పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఒక కొననుండి మఱియొక కొనకు నడచిన నించుమించు గంట పట్టును. మా తరగతివాడొకడు అమెరికాలో స్థిరపడినాడు. వాడు స్వదేశమునకు వచ్చినప్పుడెల్ల, వాని తాతలు జొన్న విత్తిన నేలకు దగ్గఱనే విమానము దిగుచున్నాడు.

అంత నేల యొక్కచోట నూరక దొరకదు. అది యొకప్పుడు కొందఱి చేలు. ఇచ్చటనే నా లెక్కలోని చిక్కు గలదు.

బడిలో నా ప్రక్కన కూర్చుండువాడు ఒక రైతుబిడ్డ. వాని వ్యాసములు నేను వ్రాసిపెట్టెడివాడను. వాడు తమ మోటబావిలో నాకు ఈత నేర్పెను. విమానాశ్రయము కొఱకు భూసేకరణ జరుగు దినములలో వాడు నోటీసొకటి చేతబట్టుకొని మా యింటికి వచ్చి, "పంతులూ, ఇది చదివి చెప్పరా" అనెను.

నేను చదివితిని. మాట మాటకును అర్థము చెప్పితిని. "పరిహార మంటే ఏంది?" అని వా డడిగెను. "పరి" యను ఉపసర్గ, "హృ" ధాతువు, దోషమును తొలగించునది యని యొక యర్థము, నష్టమునకు బదులిచ్చు సొమ్మని మఱియొక యర్థము, అని వివరించితిని. వాడు శ్రద్ధగా వినెను. కొన్నాళ్లకు పరిహారమునకు రసీదుపై సంతకము చేసి సొమ్ము తెచ్చుకొనెను.

నాడు నేను చెప్పవలసినది వేఱొకటి యుండెను. అప్పుడు అమలులో నుండిన 1894వ సంవత్సరపు భూసేకరణ చట్టములో నొక నియమము గలదు. కలెక్టరు నిర్ణయించిన పరిహారము చాలదని తోచినవాడు, దానిని సివిలు కోర్టునకు పంపుమని దరఖాస్తు పెట్టుకొనవచ్చును. నిర్ణయము ప్రకటించునప్పుడు హాజరై యున్నవానికి గడువు ఆఱు వారములు. అయితే సొమ్ము పుచ్చుకొనునప్పుడు "ఈ మొత్తము చాలదను అభ్యంతరముతో తీసికొనుచున్నాను" అని తెలుపవలెను. అట్లు తెలుపక పుచ్చుకొన్నవానికి కోర్టునకు పోవు హక్కు లేదు. ఆ చట్టము స్థానమున 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన 2013వ సంవత్సరపు చట్టములోను ఈ నియమము నిలిచియే యున్నది. కావున నిట్టి కాగితము చేతికి వచ్చిన శ్రోతలు సంతకమునకు ముందు న్యాయవాది నడుగుట మఱువరాదు.

ఈ సంగతి యొక వకీలు చెప్పగా నేను వినునప్పటికి గడువు దాటినది. ఆ మాట వ్రాసిన ప్రక్క పొలమువారు కోర్టునకు పోయి హెచ్చు సొమ్ము పొందిరి. నా మిత్రుడు పోలేకపోయెను. వాడిప్పుడొక గోదామునకు రాత్రికాపలా. కాగితము చదువగలవాడనని నమ్మి వాడు నాయొద్దకు వచ్చెను. నేను పదములకు వ్యుత్పత్తి చెప్పితినిగాని వానికి కావలసిన యొక్క మాట చెప్పలేదు. తెలియనందున చెప్పకపోవుట యొక తప్పు. తెలిసిన పిమ్మటను ఇన్నేండ్లు వానికి చెప్పక దాచుట రెండవ తప్పు. దీనికి తెలియమి సాకు గాదు, భయమే కారణము.

మూడు నిమిషముల కాగితములో నా యుద్యోగము, శిష్యుల సంఖ్య, కప్పించుకొన్న శాలువలు అన్నియు వ్రాసితిని. ఈ యొక్కటి లేదు. అది లేని లెక్క లెక్క గాదని తోచి, ఈ ప్రసంగమునకు ముందే వాని యింటికి పోయి యంతయు చెప్పితిని.

వాడు చాలసేపు మాటాడలేదు. పిదప, "గది నాకు ఎన్నడో తెలిసిందిరా. నువ్వు ఎప్పుడు చెప్తవో అని చూస్తున్న" అనెను. క్షమించితినని యనలేదు, నేనును అడుగలేదు. వాని భార్య చాయ తెచ్చి యిచ్చెను. నేను లేచునప్పుడు వాడు, "మీటింగుల ఏం చెప్తవు?" అని యడిగెను. ఇంకను తెలియదంటిని. "మన బాయి సంగతి చెప్పు" అనెను.

అట్లే చెప్పెదను. ఆ బావి మెట్లెన్ని, వేసవిలో నీరెంత లోతున నుండెడిది, దాని గట్టుననున్న వేపచెట్టు నీడ ఏ జామున ఎటు పడెడిది, ఇవి చెప్పుటకు మూడు నిమిషములు చాలును. అది యిప్పుడు కంచె లోపల నేలతో సమమై యున్నది. ఎక్కడ నుండెనో గుర్తు చెప్పగలవారము మేమిద్దఱమే మిగిలితిమి. ఆనాడు వాని ప్రక్కననే కూర్చుండెదను. తప్పు చెప్పినచో వాడు దిద్దును.

సెలవు.