సందర్శక వీసాలో వలస విధానం
అమెరికా సందర్శక వీసా కోరే ప్రతి ఒక్కరినీ అక్కడి చట్టం తొలుత వలసదారుగానే పరిగణిస్తుంది. 1952 నాటి వలస, జాతీయత చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, స్వదేశానికి తిరిగి వస్తామని నిరూపించుకోవాల్సిన భారం దరఖాస్తుదారులదే. ఈ కారణంతో తిరస్కరిస్తే అప్పీలుకు వీలులేదు. మళ్లీ రుసుము చెల్లించి దరఖాస్తు చేసుకోవాలి. పిల్లలను చూడబోయే తెలుగు తల్లిదండ్రులకూ ఇదే నిబంధన. పదేళ్ల వీసా లభించినా, ఒక్కో పర్యటనలో సాధారణంగా ఆరు నెలల వరకే బసకు అనుమతి.

కెనడా వైఖరి భిన్నం. తల్లిదండ్రుల శాశ్వత వలసకు కొత్త దరఖాస్తులను తాత్కాలికంగా నిలిపివేసిన 2011లోనే వారికి ‘సూపర్ వీసా’ ప్రవేశపెట్టింది. ప్రస్తుతం దీనిపై ఒకేసారి ఐదేళ్ల వరకు ఉండవచ్చు. అయితే పిల్లలు నిర్దేశిత ఆదాయం చూపాలి. ఆరోగ్య బీమా తప్పనిసరి.

సందర్శకులు స్థిరపడిపోతారన్న అనుమానం అమెరికా నిబంధనకు మూలం. సుదీర్ఘ బసను అనుమతిస్తూనే, ఆ వ్యయం ప్రభుత్వంపై పడకుండా చూసుకోవడం కెనడా పద్ధతి.