అంతస్తులు ఎక్కడ ఆగాలి?

హోసూరు నుండి బెంగళూరుకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు దారిపొడవునా మేడల అంతస్తులు లెక్కపెట్టక మానరు. అలా లెక్కపెట్టి వచ్చిన ఒక విద్యార్థి, "సార్, ఇరవై రెండు అంతస్తులు కట్టినవారు ఇరవై మూడవది ఎందుకు కట్టలేదు?" అని అడిగాడు. స్థలం చాలక పైకి కడతారన్న జవాబు ఈ ప్రశ్నకు చాలదు. పైకి పోవడానికి ఒక కారణముంటే, ఒకచోట ఆగడానికి మరొక కారణముంటుంది. పొలం అమ్మిన సొమ్ముతోనో, బ్యాంకు అప్పుతోనో నగరంలో ఫ్లాటు కొనే కుటుంబాలు మన సరిహద్దు పల్లెల్లోనూ ఉన్నాయి. కనుక ఈ లెక్క మనకూ అవసరమే.

ముందుగా ఒక ఊహాలెక్క చూద్దాం. స్థలం వెల 4 కోట్లు. ఒక్కొక్క అంతస్తు కట్టడానికి కోటి రూపాయలవుతుందని, అమ్మితే కోటిన్నర వస్తుందని అనుకుందాం. నాలుగు అంతస్తులు కడితే స్థలంతో కలిపి ఖర్చు 8 కోట్లు, రాబడి 6 కోట్లు, నష్టమే. ఎనిమిది కడితే ఖర్చు 12 కోట్లు, రాబడీ 12 కోట్లే. పన్నెండు కడితే 16 కోట్ల ఖర్చుకు 18 కోట్ల రాబడి. ఎన్ని అంతస్తులు కట్టినా స్థలం వెల మారదు. అది ఎక్కువ అంతస్తుల మీద పంచుకొనేకొద్దీ భారం తగ్గుతుంది. నేల ఖరీదైన చోట మేడలు ఎత్తుగా లేవడానికి మూలమిదే.

మరి నూరు అంతస్తులు ఎందుకు కట్టరు? ఎత్తు పెరిగేకొద్దీ అంతస్తు ఖర్చు కోటి దగ్గర నిలవదు. పైబరువు మోయడానికి పునాదులు, స్తంభాలు బలపడాలి. గాలి తాకిడికి తట్టుకొనే ఏర్పాటు కావాలి. నీరు పైకెక్కించాలి. అగ్నిప్రమాద రక్షణ పెరగాలి. లిఫ్టులు ఎక్కువైతే అవి కింది ప్రతి అంతస్తులోనూ అమ్మదగిన చోటును తినివేస్తాయి. నిర్మాణం ఏళ్లతరబడి సాగితే వడ్డీ పెరుగుతుంది. కొత్త అంతస్తు తెచ్చే రాబడి, దానివల్ల కలిగే అదనపు ఖర్చుకు మించనప్పుడు అక్కడ ఆగడమే వివేకం.

ఇటువంటి లెక్కను అమెరికాలో 1930లోనే క్లార్క్ అనే ఆర్థికవేత్త, కింగ్‌స్టన్ అనే వాస్తుశిల్పి కలిసి వేశారు. న్యూయార్కులోని గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషను సమీపాన, చదరపు అడుగు 200 డాలర్ల నేలపై ఆఫీసు భవనాన్ని ఎనిమిది వేర్వేరు ఎత్తులలో ఊహించారు. పెట్టుబడిపై రాబడి 8 అంతస్తులకు 4.22 శాతం, 30కి 8.50 శాతం, 63కి 10.25 శాతం వచ్చింది. 75కి మాత్రం 10.06 శాతానికి తగ్గింది. అంటే ఆ స్థలానికి 63 అంతస్తులే మేలైన ఎత్తు. అయితే ఈ అధ్యయనాన్ని ప్రచురించినది ఉక్కు నిర్మాణరంగపు సంస్థ అని మరువరాదు. మేడలు లేస్తేనే కదా ఉక్కు అమ్ముడుపోయేది!

లెక్క సరిగా ఉన్నా కాలం కలిసిరాకపోవచ్చు. అదే నగరంలో 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనం 1931 మే నెలలో ప్రారంభమయ్యే నాటికి దేశాన్ని ఆర్థికమాంద్యం కమ్ముకొన్నది. అద్దెకు వచ్చేవారు లేక గదులెన్నో ఏళ్లపాటు ఖాళీగా ఉండగా, జనం దానిని 'ఎంప్టీ స్టేట్', అంటే ఖాళీ భవనం, అని ఎగతాళి చేశారు. ఎత్తును నిర్ణయించేది ఈనాటి ధరలను చూసి. అమ్మవలసినది కొన్నేళ్ల తరువాతి ధరలకు.

మన నగరాలలో ఈ లెక్కలోకి చట్టం కూడా వస్తుంది. స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చునో పలు నగరాలు పరిమితి విధిస్తాయి. హైదరాబాదులో 2006లో ఆ పరిమితిని తొలగించి, రోడ్డు వెడల్పును, చుట్టూ విడువవలసిన ఖాళీ స్థలాన్ని బట్టి ఎత్తును నిర్ణయించే పద్ధతి తెచ్చారు. ఎక్కువ అంతస్తులకు అనుమతి లభించే నేలకు యజమాని ఎక్కువ వెల అడుగుతాడు. కాబట్టి ఎత్తు పెరిగినంత మాత్రాన ఫ్లాటు చౌక కాదు.

ఇక కొనేవారి సంగతి. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. అందులో సమానమైన 40 ఫ్లాట్లుంటే ఒక్కొక్కరికి 1,089 చదరపు అడుగుల నేల వాటా వస్తుంది. 200 ఫ్లాట్లుంటే దాదాపు 218 మాత్రమే. పత్రాలలో 'యూడీఎస్' అని వ్రాసే విభజించని వాటా ఇదే. కట్టడం ఏటేటా పాతబడుతుంది; నిలిచేది నేల. రెండెకరాల చేను అమ్మి ఇరవయ్యో అంతస్తులో ఇల్లు కొనే తండ్రి, గదుల కొలతలతో పాటు ఈ అంకెను కూడా దస్తావేజులో చూడాలి. లిఫ్టులకు, పంపులకు నెలనెలా ఎంత కట్టవలసి వస్తుందో బయానా ఇవ్వకముందే అడిగి తెలుసుకోవాలి. కట్టేవాడు తన లెక్క వేసుకొనే కడతాడు. మన లెక్క మనమే వేసుకోవాలి.