చక్రములపై ఇల్లు - పెనుగాలి

అట్లాంటిక్ మహాసముద్రమున పుట్టు పెనుతుపానులకు హరికేనులని పేరు. 1977 నవంబరులో దివిసీమను ముంచిన తుపానును ఆ జాతిదే. సముద్రము వేరగుటచే పేరు వేరైనది. ఇటుక ఇండ్లనే కూల్చునట్టి గాలిని చక్రములపై నున్న ఇల్లు తట్టుకొనగలదా? అమెరికాలో ఇది వినోదమునకు అడుగు ప్రశ్న కాదు. అచ్చట అట్టి ఇండ్లలో కాపురమున్న కుటుంబములు లక్షల సంఖ్యలో కలవు.

ఈ ఇండ్లు రెండు విధములు. కర్మాగారమున తయారై, చక్రములపై ఒకసారి తెచ్చి ఒకచోట నిలుపబడునది మొబైల్ హోమ్. తన ఇంజనుతో తానే నడచునది మోటారు ఇల్లు. పడకలు, పొయ్యి, నీళ్ళతొట్టి, స్నానపుగది, అన్నియు దానిలోనే యుండును.

పాత మోటారు ఇండ్లలో 1973 మొదలు 1978 వరకు తయారైన జి.ఎం.సి. బండి పేరెన్నికగన్నది. నేటికిని దానిని ముచ్చటపడి కాపాడుకొనువారు కలరు. దాని ఇంజను ముందుచక్రములనే త్రిప్పును. వెనుక చక్రములకు శక్తిని చేర్చు పొడవైన కడ్డీ లేకపోవుటచే లోపలి నేల భూమికి అడుగున్నరలోపు ఎత్తుననే అమరినది. బరువు క్రిందుగా నుండుటచే బండి సులభముగా ఒరగదు. మూలలు గుండ్రనివి, అస్థిపంజరము అల్యూమినియముది. పెట్టెవలె నలుచదరముగా నున్న బండికంటె దీనిని గాలి పట్టుకొనుట కష్టము.

అయినను గాలి లెక్క కఠినమైనది. వేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగింతలగును. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఎదురుగోడపై చదరపు మీటరునకు సుమారు 48 కిలోల బరువుతో నెట్టును. 200 కిలోమీటర్లైనచో ఆ త్రోపుడు 190 కిలోలు దాటును. ఎనిమిది మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తు గల ప్రక్కగోడపై అది మూడు టన్నులు! బండి మొత్తము బరువే ఇంచుమించు ఐదు టన్నులు. కనుక ముఖమును గాలికెదురుగా నిలిపిన బండి నిలువవచ్చును. ప్రక్క చూపిన బండి పల్టీ కొట్టవచ్చును. చిక్కేమనగా, తుపాను గాలి సుడిగాలి. సుడి కదలినకొలది దిశ మారుచుండును. సుడికన్ను తలమీదుగా సాగినచో కొంతసేపు నిశ్శబ్దమై, పిమ్మట గాలి వెనుకనుండి విరుచుకొనిపడును. ఏ వైపు త్రిప్పి నిలిపినను పూర్తి రక్షణ లేదు. ఎగిరివచ్చు కొమ్మయో రేకో పెద్ద కిటికీ అద్దమును పగులగొట్టినచో, గాలి లోపల దూరి పైకప్పును లేపును.

1992 ఆగస్టు 24 తెల్లవారుజామున ఆండ్రూ హరికేను ఫ్లోరిడా దక్షిణభాగమును తాకెను. గాలివేగము గంటకు సుమారు 265 కిలోమీటర్లు. హోమ్‌స్టెడ్ అను పట్టణమున 1,176 మొబైల్ హోములుండగా 1,167 పూర్తిగా నాశనమయ్యెను. తెల్లవారునప్పటికి మిగిలినవి తొమ్మిది! అంతకుముందే ఆ కౌంటీలో ఐదులక్షలకు పైగా ప్రజలను ఇండ్లు విడిచిపొమ్మని అధికారులు ఆదేశించియుండిరి. లేనిచో ఆ శిథిలములలో మనుష్యులెందరుందురో ఊహించుటయే భయంకరము. 1994లో అమెరికా ప్రభుత్వము అట్టి ఇండ్ల నిర్మాణనియమములను కఠినముచేసెను.

గాలికి తోడు ఉప్పెన కలదు. ఆండ్రూ నాడు బిస్కేన్ అఖాతపు ఒడ్డున ఒకచోట నీరు ఐదు మీటర్లకు మించి లేచెను. అంత నీటిలో ఎట్టి మోటారు ఇల్లైనను పడవవలె తేలి, చుక్కాని లేని పడవవలె కొట్టుకొనిపోవును. ఇనుప గొలుసులతో భూమికి బిగించుట గాలికి కొంత పనికివచ్చును గాని, ముంచెత్తు నీటికి పనికిరాదు.

పాతబండికి వయస్సు వలని బలహీనతలును కలవు. అల్యూమినియమునకు ఇనుపత్రుప్పు పట్టదు గాని, అడుగునున్న ఉక్కుచట్రము ఉప్పుగాలికి తినబడును. కిటికీల రబ్బరు ఎండి బిరుసెక్కును. ఆ సందులలో వాననీరు దిగి చెక్కనేల చివుకును. అందుచే తుపాను దాటిన బండియైనను వెంటనే మంచినీటితో అడుగుభాగమును కడిగి, బ్రేకులను పరీక్షించి, తడిసిన పరుపులను, పలకలను ఎండబెట్టినగాని రోడ్డెక్కుటకు తగదు.

కదలని ఇంటికి లేని సదుపాయము మోటారు ఇంటికి ఒకటి కలదు, అది చక్రములు. గాలి ముదిరిన పిదప ఎత్తైన బండి వంతెనలపై నడచుట ప్రాణాపాయకరము. కనుక అనుభవజ్ఞులు హెచ్చరిక వినిన నాడే ఇంధనపుతొట్టి నింపి, తీరమునకు దూరముగా, మెరకప్రదేశములకు సాగిపోవుదురు.