తేనెపట్టు.. ఊపిరితిత్తుల్లోనా?

మెట్లెక్కితే ఆయాసం, వారాల తరబడి పొడి దగ్గు. వయసు ప్రభావమనో, ఆస్తమా అనో చాలామంది సరిపెట్టుకుంటారు. ఎక్స్-రేలో మచ్చలుంటే టీబీ అని భయపడతారు. కానీ ఇది గాలిగదుల మధ్య పొర మందమై గట్టిపడే ఐఎల్‌డీ కావొచ్చు.

తొలిదశలో ఎక్స్-రే మామూలుగానే ఉండొచ్చు. అందుకే అనుమానముంటే హెచ్ఆర్‌సీటీ చేయిస్తాం. ఇందులో మచ్చ ఎక్కడుంది, ఎలా ఉందన్నదే కీలకం.

* ఊపిరితిత్తుల అడుగున, అంచుల వెంబడి తేనెపట్టు గదుల్లా ఉంటే ముదిరిన మచ్చ. ఇది మళ్లీ మామూలు కాదు. పిర్‌ఫెనిడోన్, నింటెడానిబ్ వంటి మందులతో ముదిరే వేగాన్ని తగ్గించొచ్చు.

* గరుకు అద్దంలోంచి చూసినట్టు మసకగా ఉంటే వాపు కావొచ్చు. స్క్లెరోడెర్మా వంటి ఆటోఇమ్యూన్ జబ్బుల్లో ఇలా కనిపిస్తుంది. ఇన్‌ఫెక్షన్‌లోనూ ఇలాగే ఉండొచ్చు కాబట్టి ఇతర పరీక్షలూ అవసరం.

* నలుపు, తెలుపు, బూడిద రంగు గళ్లలా ఉంటే పావురాల రెట్టలు, బూజు పడకపోవటం కారణం కావొచ్చు. వాటికి దూరంగా ఉండటమే తొలి చికిత్స.

స్కానింగ్ ఒక్కటే అన్నీ చెప్పదు. బాల్కనీలో పావురాలు, కీళ్ల నొప్పులు, చేసే పని, వాడుతున్న మందులు.. అన్నీ డాక్టరుకు చెప్పండి. పాత ఫిల్ములు పారేయొద్దు. జబ్బు ముదురుతోందా, నిలకడగా ఉందా తేల్చేది వాటితో పోలికే.