పచ్చబొట్టు తొలగింపు: లేజరు చేసే పని, శరీరం చేసే పని

ఉత్తరాంధ్రకు పచ్చబొట్టు కొత్త కాదు. విశాఖ మన్యంలోని కొండ తెగల స్త్రీల ముఖాల మీద, ముంజేతుల మీద పచ్చబొట్లు తరతరాలుగా ఉన్నాయి. మైదాన ప్రాంతంలోనూ మన అమ్మమ్మల చేతుల మీద చుక్కలు, పేర్లు చూసే ఉంటారు. అప్పట్లో మసిని ఆకు పసరుతో కలిపి సూదితో పొడిచేవారు. ఇప్పుడు జాతరలలో బ్యాటరీ మిషన్లు వచ్చాయి, పట్టణాలలో టాటూ దుకాణాలు వెలిశాయి. అనకాపల్లిలో కొత్త అమావాస్యకు మొదలయ్యే నూకాలమ్మ జాతర వంటి సందడిలో స్నేహితులతో కలిసి తిరుగుతూ చేయి చాపడం తేలిక. ప్రేమించినవారి పేరో, అభిమాన హీరో పేరో పది నిమిషాలలో చేతి మీదికి ఎక్కుతుంది. అదే పేరును తీసివేయాలంటే సుమారు ఏడాది పడుతుంది.

పది నిమిషాలకూ ఏడాదికీ మధ్య ఇంత తేడా ఎందుకు? లేజరు యంత్రం అంత బలహీనమైనదా? కాదు. లేజరు తన పనిని సెకనులో అతి చిన్న భాగంలోనే ముగిస్తుంది. మిగిలిన పని శరీరానిది. ఆ పనిని తొందరపెట్టే మందు ఏదీ లేదు. ఈ విషయం తెలియక తొందరపడినవారికి చివరికి పచ్చబొట్టు స్థానంలో కాలిన మచ్చ మిగులుతుంది.

ఉద్యోగ నియామకాలు, పచ్చబొట్టు

అనకాపల్లి జిల్లా యువకులలో చాలామందికి ఈ ప్రశ్న సైనిక నియామకాల సమయంలో ఎదురవుతుంది. ఈ జిల్లా విశాఖపట్నం ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయం పరిధిలో ఉంది. అగ్నివీర్ నోటిఫికేషన్లలో పచ్చబొట్టు గురించి ప్రత్యేక నిబంధన ఉంటుంది. ముంజేయి లోపలి వైపు, అంటే మోచేతి మడత నుంచి మణికట్టు వరకు, అలాగే అరచేతి వెనుక వైపు ఉన్న శాశ్వత పచ్చబొట్లను అనుమతిస్తారు. మరెక్కడ ఉన్నా అనుమతించరు. ఆచారం ప్రకారం ముఖం మీద, ఒంటి మీద పచ్చబొట్లు ఉండే గిరిజన అభ్యర్థుల విషయాన్ని విడిగా పరిశీలిస్తారు.

కేంద్ర సాయుధ పోలీసు బలగాల నిబంధన కొంత వేరు. అక్కడ మతపరమైన చిహ్నం లేదా పేరు ఉండవచ్చు. ముంజేయి లోపలి వైపు అయితే ఎడమ చేతికే అనుమతి, ఎందుకంటే సెల్యూట్ చేసేది కుడి చేయి. అరచేతి వెనుక వైపు కూడా ఉండవచ్చు. పరిమాణం ఆ అవయవ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువగా ఉండాలి. కాబట్టి కుడి ముంజేయి లోపలి వైపు ఉన్న పేరు సైన్యంలో అడ్డు కాకపోయినా, సాయుధ పోలీసు బలగాలలో అడ్డు కావచ్చు.

ఈ నిబంధనలను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. కొందరు తీయించుకోనక్కరలేని పచ్చబొట్టు కోసం కూడా పరుగెత్తుతారు. దరఖాస్తు చేసే ఏడాది వెలువడిన నోటిఫికేషన్‌ను మొదట పూర్తిగా చదవాలి. ఆ తరువాతే ఆసుపత్రి సంగతి.

రంగు ఎందుకు పోదు?

మన చర్మంలో పైది బాహ్యచర్మం, దాని కింద ఉండేది అంతశ్చర్మం. బాహ్యచర్మంలోని కణాలు నిరంతరం పుట్టి, పైకి జరిగి, రాలిపోతుంటాయి. గోరింటాకు కొద్ది రోజులలో మాయమయ్యేది అందుకే. పచ్చబొట్టు సూది ఈ పొరను దాటి అంతశ్చర్మంలో రంగు రేణువులను వదులుతుంది.

బయటి పదార్థం లోపలికి రాగానే శరీరం స్థూలభక్షక కణాలను పంపుతుంది. ఇవి సూక్ష్మజీవులను మింగి జీర్ణం చేసే కాపలా కణాలు. అవి రంగు రేణువులను కూడా మింగుతాయి, కానీ జీర్ణం చేయలేవు. పెద్ద రేణువులను మోసుకుపోనూ లేవు. మింగినదాన్ని అలాగే పట్టుకుని కూర్చుంటాయి. ఆ కణం చనిపోతే రంగు బయటపడుతుంది, వెంటనే పక్కన పుట్టిన కొత్త కణం దాన్ని మింగుతుంది. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగర పరిశోధకులు 2018లో ఎలుకల తోకల మీద చేసిన ప్రయోగాలతో ఈ చేతులు మారే క్రమాన్ని చూపించారు. పచ్చబొట్టు శాశ్వతంగా కనబడుతుందంటే రంగు కదలక ఉందని కాదు, ఒక కాపలాదారు నుంచి మరొకరికి అందుతూ ఉందని అర్థం.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. పొడిచేది నల్లని మసి. అయినా మనం దాన్ని పచ్చబొట్టు అంటాం. నల్లని రేణువులు చర్మం లోతులో ఉన్నప్పుడు నీలం, పచ్చ ఛాయలో కనబడతాయి. తక్కువ తరంగదైర్ఘ్యం గల నీలి కాంతి చర్మంలో ఎక్కువగా చెదిరి వెనక్కి వస్తుంది. ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతి లోతుకు పోయి నలుపులో ఇంకిపోతుంది. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి, చికిత్సలో మళ్లీ అవసరమవుతుంది.

కాంతి రేణువును ఎలా పగలగొడుతుంది?

థియొడోర్ మైమన్ మొదటి లేజరును 1960లో పనిచేయించి చూపాడు. ఆ దశాబ్దంలోనే అమెరికా చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్ రూబీ లేజరును పచ్చబొట్ల మీద ప్రయోగించాడు. అయితే ఆ తరువాత చాలాకాలం వాడిన కార్బన్ డయాక్సైడ్, ఆర్గాన్ లేజర్లు రంగుతోపాటు చర్మాన్నీ కాల్చేవి. రంగు పోయి మచ్చ మిగిలేది. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు వైద్యులు దీనికి సిద్ధాంతపరమైన పరిష్కారం చూపారు. దాని పేరు సెలెక్టివ్ ఫొటోథర్మోలైసిస్. లక్ష్యం ఎక్కువగా పీల్చుకునే తరంగదైర్ఘ్యాన్ని ఎంచుకుని, ఆ వేడి పక్కకు పాకే లోపే కాంతిని ఆపివేస్తే, లక్ష్యం మాత్రమే దెబ్బతింటుంది.

దీపం మంట మీదుగా వేలిని చటుక్కున తిప్పితే కాలదు, ఒక క్షణం ఆపితే కాలుతుంది. ఇక్కడా సమయమే ముఖ్యం. రంగు రేణువు ఎంత చిన్నదంటే, అది వేడిని పక్క కణజాలానికి ఇచ్చివేయడానికి 10 నానోసెకన్లు కూడా పట్టకపోవచ్చు. నానోసెకను అంటే సెకనులో 100 కోట్లవ వంతు. క్యూ-స్విచ్డ్ లేజర్లు తమ శక్తినంతా ఇంచుమించు ఆ వ్యవధిలోనే వదులుతాయి. రేణువు ఒక్కసారిగా వేడెక్కి, వ్యాకోచించి, ఆ తాకిడికి పగులుతుంది. బెల్లం దిమ్మను చేత్తో ఎంతసేపు నొక్కినా పగలదు, రోకలితో ఒక్క పోటు వేస్తే ముక్కలవుతుంది. ఇదీ అలాంటిదే. 2012 చివర అమెరికాలో అనుమతి పొందిన పికోసెకను లేజర్లు ఇంకా తక్కువ వ్యవధిలో, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతులలో లెక్కించే కాలంలో కొడతాయి. ముక్కలు మరింత చిన్నవవుతాయి. అయితే పికో అన్న పేరు వినగానే రెండు సిట్టింగులలో అంతా పోతుందని నమ్మనక్కరలేదు. సిట్టింగుల సంఖ్య కొంత తగ్గవచ్చు, ఖర్చు మాత్రం పెరుగుతుంది.

ఇక్కడితో లేజరు పని అయిపోయింది. పగిలిన ముక్కలను కొన్నింటిని కొత్తగా వచ్చిన భక్షక కణాలు మింగుతాయి, కొన్ని లింఫు నాళాల గుండా లింఫు గ్రంథులకు చేరతాయి, కొన్ని చర్మం పైన కట్టిన పక్కుతో రాలిపోతాయి. మిగిలిన రంగు మళ్లీ కణాలలో చేరుతుంది. వారాల తరబడి ఈ శుద్ధి జరిగిన తరువాతే రెండో సిట్టింగు. అందుకే సాధారణంగా రెండు సిట్టింగుల మధ్య 6 నుంచి 8 వారాల విరామం ఇస్తారు.

మన చర్మంలోని చిక్కు

రంగును బట్టి లేజరు మారుతుంది. నలుపు దాదాపు అన్ని తరంగదైర్ఘ్యాలనూ పీల్చుకుంటుంది కనుక అది అన్నిటికంటే తేలిక. ఎరుపుకు 532 నానోమీటర్ల కాంతి, ఆకుపచ్చకు 694 నానోమీటర్ల రూబీ లేదా 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ వాడతారు. పసుపు మొండిది. తెలుపు, చర్మపు రంగు సిరాలలో ఉండే టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ లేజరు తగలగానే నల్లబడవచ్చు.

కానీ కాంతిని పీల్చుకునేది సిరా ఒక్కటే కాదు. మన చర్మానికి ఛాయనిచ్చే మెలనిన్ కూడా పీల్చుకుంటుంది. అది సిరా కంటే పైన, బాహ్యచర్మంలో ఉంది. అంటే లేజరు కాంతి సిరాను చేరకముందే మెలనిన్‌ను దాటాలి. తరంగదైర్ఘ్యం తక్కువైనకొద్దీ మెలనిన్ ఎక్కువగా పీల్చుకుంటుంది, బాహ్యచర్మం కాలుతుంది, తరువాత అక్కడ తెల్ల మచ్చో నల్ల మచ్చో ఏర్పడుతుంది. 1064 నానోమీటర్ల నియోడిమియం యాగ్ లేజరు కాంతిని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది. పైగా ఆ కాంతి లోతుకు పోతుంది. మసిని పచ్చగా కనిపించేలా చేసిన సూత్రమే ఇక్కడ మనకు ఉపయోగపడుతోంది. చామనఛాయ, నలుపు చర్మం గలవారికి నల్ల పచ్చబొట్టు తీయడానికి ఇదే సురక్షితమైన ఎంపిక. ఆకుపచ్చ, ఎరుపు రంగుల బొమ్మ విషయంలో అంత భరోసా ఇవ్వలేం.

ఇంటర్నెట్‌లోని వీడియోలలో ఎక్కువగా కనబడేది తెల్ల చర్మం. ఆ చర్మానికి ఇచ్చే శక్తిని మన చర్మానికి ఇస్తే బొబ్బలెక్కుతుంది. కాబట్టి మనవారికి తక్కువ శక్తితో మొదలుపెట్టాలి, ముందుగా చిన్న భాగంలో పరీక్షించి కొన్ని వారాలు ఆగి చూడాలి. దెబ్బ తగిలిన చోట ఉబ్బెత్తు మచ్చ, అంటే కెలాయిడ్, వచ్చే తత్వం ఉన్నా, బొల్లి ఉన్నా వైద్యునికి ముందే చెప్పాలి. గర్భిణులు ప్రసవం అయ్యేదాకా వాయిదా వేసుకోవడం మంచిది. పచ్చబొట్టు కింద పుట్టుమచ్చ ఉంటే దాని మీద లేజరు కొట్టించకూడదు.

సిట్టింగు రోజున

ముందుగా మత్తు క్రీము పూసి సుమారు గంటసేపు ఉంచుతారు. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ లేజరుకు తగిన ప్రత్యేక కళ్లద్దాలు పెట్టుకోవాలి. 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనబడదు, కానీ రెటీనాను శాశ్వతంగా దెబ్బతీయగలదు. మామూలు నల్ల కళ్లద్దాలు పనికిరావు. అద్దాలు ఇవ్వకుండా లేజరు ఆన్ చేసే చోటు నుంచి లేచి రావడమే మేలు.

నొప్పి ఉంటుంది. పోపు వేసేటప్పుడు కాగిన నూనె చిట్లి చేతిమీద పడినట్లు టపటపా చురుక్కుమంటుంది. చిన్న పేరుకు కొద్ది నిమిషాలే. తగిలిన వెంటనే అక్కడి చర్మం తెల్లగా పొంగుతుంది. రేణువు వేడికి పుట్టిన వాయు బుడగల వల్ల వచ్చే తెలుపు అది, సుమారు 20 నిమిషాలలో తగ్గుతుంది. సిరా కరిగి పోయిందని పొరబడవద్దు. ఆ తరువాత వాపు, ఎరుపు, కొందరికి బొబ్బలు, పక్కు కట్టడం సహజం. ఒకటి రెండు వారాలలో మానుతుంది.

బొబ్బలను చిదమకూడదు, పక్కును గిల్లకూడదు. పెట్రోలియం జెల్లీ రాసి అంటుకోని కట్టు కట్టాలి. పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్టు వంటివి ఏవీ పెట్టవద్దు. అన్నిటికంటే ముఖ్యం ఎండ. చెరకు తోటలో పని చేసేవారు, నియామక పరుగు కోసం మైదానంలో సాధన చేసేవారు చేతులు పూర్తిగా కప్పే చొక్కా వేసుకోవాలి, గాయం మానాక సన్‌స్క్రీన్ రాయాలి. ఎండ తగిలితే నల్ల మచ్చ ఏర్పడే అవకాశం పెరుగుతుంది. ఆ మచ్చ సాధారణంగా కొన్ని నెలలలో తగ్గుతుంది. చీము, జ్వరం, పెరుగుతున్న నొప్పి ఉంటే వెంటనే చూపించుకోవాలి.

ఎన్ని సిట్టింగులు?

చేతితో పొడిచిన, పాతబడిన, నల్లని చిన్న పచ్చబొట్టుకు నాలుగైదు చాలవచ్చు. దుకాణంలో దట్టంగా వేయించిన బొమ్మకు పది దాటవచ్చు. ముఖం, మెడ, ఛాతీ మీద ఉన్నవి త్వరగా పోతాయి. ముంజేయి, చీలమండ దగ్గర లింఫు ప్రసరణ తక్కువ కనుక ఆలస్యమవుతుంది. 2012లో ఇటలీ నుంచి వెలువడిన ఒక పరిశీలనలో 10 సిట్టింగుల తరువాత సుమారు 47 శాతం మందికి, 15 తరువాత సుమారు 75 శాతం మందికి పచ్చబొట్టు విజయవంతంగా పోయింది. పొగతాగేవారిలో ఫలితం బాగా తక్కువగా ఉంది. పూర్తిగా పోనివారూ ఉన్నారని ఈ అంకెలు చెబుతున్నాయి. పోయినచోట కూడా లీలగా నీడ మిగలవచ్చు.

ఇప్పుడు చోడవరం దగ్గరి ఒక యువకుణ్ణి ఊహించుకోండి. భుజం మీద నల్లని సిరాతో పేరు ఉంది. నోటిఫికేషన్ చూశాడు, మరో మూడు నెలలలో వైద్య పరీక్ష. ఎనిమిది సిట్టింగులు అవసరమని వైద్యుడు చెబితే మధ్యలో ఏడు విరామాలు, అంటే 42 నుంచి 56 వారాలు. మూడు నెలలలో మూడు సిట్టింగుల కంటే కుదరవు. ఇలాంటి సమయంలోనే వారానికోసారి కొట్టి తీసేస్తామనేవారు, యాసిడ్, సున్నం, నల్లజీడి రసం చెప్పేవారు తారసపడతారు. అవన్నీ చర్మాన్ని కాల్చేవే. కాలిన మచ్చ కూడా వైద్య పరీక్షలో ప్రశ్నకు రావచ్చు. ఆ యువకునికి మిగిలిన దారి ఈ ఏడాది నోటిఫికేషన్‌ను వదులుకుని, వయోపరిమితి అనుమతిస్తే వచ్చే ఏడాదికి సిద్ధపడటం. వినడానికి కష్టంగా ఉన్నా, అతని చర్మానికి అదే క్షేమం.

చికిత్సకు చర్మవ్యాధి నిపుణుని దగ్గరికే వెళ్లాలి. బ్యూటీ పార్లరులో యంత్రం ఉన్నంత మాత్రాన చాలదు. వైద్యుని రిజిస్ట్రేషన్ నంబరు అడగడం అమర్యాద కాదు. ఏ లేజరు, ఎన్ని నానోమీటర్లు, పరీక్షగా చిన్న భాగంలో కొడతారా, మొత్తం ఎన్ని సిట్టింగులని అంచనా అని అడిగి రాసుకోండి. జాతరలో ఒకే సూదిని చాలామందికి వాడినచోట పచ్చబొట్టు వేయించుకుని ఉంటే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షలు చేయించుకోవడం కూడా అవసరం. అది లేజరుతో సంబంధం లేకుండా చేయించుకోవలసిన పరీక్ష.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక అభ్యర్థికి మెడ మీద ఆకుపచ్చ సిరాతో పచ్చబొట్టు, కుడి ముంజేయి లోపలి వైపు నల్లని సిరాతో పేరు ఉన్నాయి. అతనిది చామనఛాయ. సైన్యానికీ, కేంద్ర సాయుధ పోలీసు బలగాలకూ దరఖాస్తు చేయదలిచాడు. అతను దేనిని తీయించుకోవాలి, ఏది కష్టం, ఎప్పుడు మొదలుపెట్టాలి? కారణాలతో 200 పదాలకు మించకుండా రాయండి.