హేవలాక్ వంతెనను నడిచేవాళ్లకు ఇవ్వాలి

పల్నాడులోని సత్తెనపల్లి మీదుగా సాగే గుంటూరు–మాచర్ల లైను మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌కు మారి ఇప్పటికీ రైళ్లను మోస్తోంది. అందుకే రైలు వదిలేసిన దారిని ఏం చేయాలన్న ప్రశ్న పల్నాడులో కంటే గోదావరి మీద బలంగా వినిపిస్తుంది. రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య 1900లో మొదలైన హేవలాక్ వంతెన 56 స్పాన్లతో, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవున మద్రాసు–హౌరా రైళ్లను దాటించి 1997లో సేవ చాలించింది. అది ముందుగా రోజూ నడిచే జనానిది కావాలి, ఆ తర్వాతే పర్యాటకులది.

రైలు నిట్టనిలువుగా ఎక్కలేదు, చటుక్కున మలుపు తిరగలేదు. అందుకే దాని దారి చదునుగా, తిన్నగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ, సైకిలు నేర్చుకునే పిల్లలకూ, చక్రాల కుర్చీకీ అంతకంటే అనువైనది దొరకదు. అయితే దాని విలువంతా తెగకుండా ఉండటంలోనే ఉంది. ముక్కలు చేసి పంచేస్తే మళ్లీ కూర్చడం దాదాపు అసాధ్యం. అమెరికా 1983లో చేసిన చట్టం మూతపడ్డ లైన్లను కాలిబాటలుగా వాడుకోనిస్తూనే, రేపు రైలుకు అవసరమైతే తిరిగి ఇచ్చే వీలు ఉంచింది. న్యూయార్క్‌లో 1980లో చివరి గూడ్సు నడిచిన ఎత్తయిన లైను మీద 2009లో తోట తెరిచారు. కూల్చేయాలన్న ఒత్తిడికి అక్కడి జనం ఎదురు నిలవబట్టే అది మిగిలింది.

నూరేళ్లు దాటిన ఇనుమును నమ్మొచ్చా అన్నది న్యాయమైన భయమే. రైళ్ల బరువు ముందు నడిచే జనం బరువు చాలా తక్కువ. కానీ తుప్పు ఈ లెక్క వినదు, కాబట్టి ప్రతి స్పాన్‌నూ పరీక్షించాకే జనాన్ని వదలాలి. రోడ్లే బాగాలేనప్పుడు దీనికి డబ్బెందుకని మరికొందరంటారు. వాహనాల భయం లేకుండా నది దాటే నడకదారి కూడా రోడ్డే కదా! 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన రూ.94.44 కోట్ల అఖండ గోదావరి పథకంలో ఈ వంతెన కూడా ఉంది. ఆ డబ్బు ఒక కొసన నాలుగు స్పాన్ల అలంకరణతో ఆగిపోకూడదు. కొవ్వూరు వైపు గేటు కూడా తెరవాలి, నడకకు టికెట్టు పెట్టకూడదు. నీడ, దీపాలు, గట్టి రెయిలింగులు, మరుగుదొడ్లు, ఏటేటా రంగు వేయడానికి విడిగా నిధి మొదటి అంచనాలోనే చేర్చాలి.