ఫైనల్లో ఓడారా? ముందు మీ రిటెన్షన్ లిస్టు రాయండి

యాదగిరిగుట్టలో బస్సెక్కితే రాయగిరి, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ దాటాక హైదరాబాద్ గుమ్మంలా వచ్చేది ఉప్పల్. డ్రైవ్ ఉన్నా, కోచింగ్ ఉన్నా, రూమ్ వెతుక్కోవాలన్నా గుట్ట, ఆలేరు పిల్లలు ముందు దిగేది అక్కడే. సన్‌రైజర్స్ హైదరాబాద్ సొంత మైదానం కూడా ఆ దగ్గర్లోనే ఉంది. మ్యాచ్ టికెట్ కొనగలిగినా కొనలేకపోయినా, ఆ టీమ్ 2024లో చేసిన ఒక పని మాత్రం మీకు తప్పకుండా తెలియాలి. అది బ్యాటింగ్ గురించి కాదు, ఓడిపోయాక వేసిన లెక్క గురించి.

నా టెక్ బ్లాగ్ చదివేవాళ్లు తరచూ పెట్టే మెసేజ్ ఒకటుంది. ‘అన్నా, ఆప్టిట్యూడ్ దాటిన, టెక్నికల్ దాటిన, చివరి రౌండ్‌లో పోయింది. జావా వదిలేసి డేటా సైన్స్‌కి పోనా?’ అని. మొదటి రౌండ్‌లో పోయినవాళ్లు ఇలా అడగరు. చివరిదాకా వెళ్లి ఓడినవాళ్లకే అన్నీ ఊడబెరికి మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తుంది. సరిగ్గా ఆ స్థితిలోనే ఉన్న ఒక టీమ్ ఏం చేసిందో చూద్దాం.

113 పరుగుల రాత్రి

2024 మే 26, చెన్నై చెపాక్ స్టేడియం. ఐపీఎల్ ఫైనల్లో కోల్‌కతా మీద సన్‌రైజర్స్ 113కే ఆలౌట్. ఐపీఎల్ ఫైనల్స్ చరిత్రలో అంతకన్నా తక్కువ స్కోరు లేదు. కోల్‌కతా 10.3 ఓవర్లలోనే ఆట ముగించేసింది. ట్రావిస్ హెడ్ సున్నా, అభిషేక్ శర్మ 2. అందరికన్నా ఎక్కువ కొట్టింది కెప్టెన్ కమిన్స్, అదీ 24 పరుగులే.

ఆ రాత్రి ఒక్కటే చూస్తే ఎవరైనా ఓపెనర్లిద్దరినీ మార్చేయమంటారు. కానీ అదే జట్టు అంతకు ముందు ఏడాది పట్టికలో అట్టడుగున, పదో స్థానంలో ఉంది. 2024లో బెంగళూరు మీద 287 కొట్టింది. ఉప్పల్‌లో లక్నో పెట్టిన 166 పరుగుల లక్ష్యాన్ని హెడ్, అభిషేక్ ఇద్దరే 9.4 ఓవర్లలో ఊదేశారు. అడుగు నుంచి ఫైనల్ దాకా మోసుకొచ్చింది ఆ దూకుడే. ఫైనల్లో కొంప ముంచింది కూడా ఆ దూకుడే. మరి దాన్ని ఉంచాలా, తీసేయాలా?

120 కోట్లలో 75 ఐదుగురికే

ఆ ఏడాది చివర్లో మెగా వేలం ఉంది. అంటే జట్లన్నీ దాదాపు ఖాళీ చేసి మళ్లీ కట్టుకోవాలి. ఒక్కో జట్టు పర్సు 120 కోట్లు. అందులోనే రిటైన్ చేసుకున్న వాళ్లకూ ఇవ్వాలి, కొత్తవాళ్లనూ కొనాలి.

అక్టోబరు 31న సన్‌రైజర్స్ లిస్టు వచ్చింది. క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, హెడ్‌కు 14, అభిషేక్‌కు 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6. మొత్తం 75 కోట్లు. ఫైనల్లో ఇద్దరూ కలిసి రెండు పరుగులు చేసిన ఓపెనర్లు ఇద్దరూ ఆ లిస్టులో ఉన్నారు!

ఈ అంకెల్లో మూడు విషయాలు గమనించండి. మొదటిది, టీమ్ ఒక్క రాత్రిని కాదు, సీజన్ మొత్తాన్ని చూసింది. అభిషేక్ ఆ సీజన్‌లో 42 సిక్సర్లు కొట్టాడు. అలాంటివాడు బయట మార్కెట్లో మళ్లీ దొరుకుతాడన్న నమ్మకం ఎవరికీ లేదు. రెండోది, హోదాకూ ధరకూ సంబంధం లేదు. కెప్టెన్ కమిన్స్ 2023 వేలంలో 20.50 కోట్లకు వచ్చాడు, ఇప్పుడు 18కి తగ్గాడు. అతని కెప్టెన్సీ కింద ఆడే క్లాసెన్ 5.25 నుంచి 23 కోట్లకు ఎక్కాడు. మూడోది, మొదటి ప్యాకేజీ చివరి ప్యాకేజీ కాదు. నితీశ్‌ను తీసుకున్నప్పుడు ధర 20 లక్షలు. రెండేళ్లు తిరక్కుండానే 6 కోట్లు, అంటే ముప్పై రెట్లు. మూడున్నర లక్షల ఆఫర్ చూసి మొహం చిన్నబుచ్చుకున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. అయితే ఆ పెరుగుదల ఊరికే రాలేదు. 2024 సీజన్‌లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తెచ్చుకున్నాకే వచ్చింది.

వదిలేశారంటే పనికిరాడనా?

ఇప్పుడు నాణేనికి రెండో వైపు. 75 పోగా మిగిలింది 45 కోట్లు. దాంతోనే మిగతా జట్టంతా నింపుకోవాలి. రిటైన్ చేసిన ఐదుగురూ దేశానికి ఆడినవాళ్లే కావడంతో, అలాంటి ఇంకొకర్ని వేలంలో కార్డు చూపించి వెనక్కి తెచ్చుకునే వీలు కూడా లేకుండా పోయింది. అలా తలుపు మూసుకుపోయినవాళ్లలో భువనేశ్వర్ కుమార్ ఒకడు. 2014 నుంచి ఇక్కడే ఉన్నాడు. 2016లో బెంగళూరును ఓడించి సన్‌రైజర్స్ కప్పు కొట్టిన జట్టులో ఉన్నాడు. పదేళ్ల సర్వీసు, చివరికి లిస్టులో పేరు లేదు.

నవంబరు 24, 25 తేదీల్లో జెద్దాలో వేలం జరిగింది. అంతకు ముందు 4.20 కోట్లున్న భువనేశ్వర్‌ను బెంగళూరు 10.75 కోట్లకు కొనుక్కుంది. 4 కోట్లున్న నటరాజన్‌ను ఢిల్లీ అదే 10.75కి తీసుకుంది. 2025 జూన్ 3న బెంగళూరు మొదటిసారి ఐపీఎల్ కప్పు ఎత్తినప్పుడు ఆ ఫైనల్లో భువనేశ్వర్ రెండు వికెట్లు తీశాడు.

అందరి ధరా పెరగలేదు, అది కూడా చెప్పుకోవాలి. వాషింగ్టన్ సుందర్ 8.75 నుంచి 3.20 కోట్లకు పడిపోయి గుజరాత్‌కు వెళ్లాడు. 2025 ఏప్రిల్ 6న అదే ఉప్పల్‌లో పాత జట్టు మీద 29 బంతుల్లో 49 కొట్టి గెలిపించాడు. ఆ జులైలో మాంచెస్టర్‌లో టెస్టు సెంచరీ చేశాడు. ధర తగ్గింది, మనిషి తగ్గలేదు.

రిజెక్షన్ మెయిల్ చూసి రెండు రోజులు అన్నం మానేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇక్కడ ఆగి చదవండి. ‘నాట్ సెలెక్టెడ్’ అంటే చాలాసార్లు అర్థం ‘నువ్వు పనికిరావు’ అని కాదు. ‘మా దగ్గర మిగిలిన ఖాళీలో నువ్వు ఇమడలేదు’ అని. ఆ ప్రాజెక్టుకు ఆరోజు కావాల్సింది ఇద్దరు టెస్టర్లే కావచ్చు, మీరేమో బ్యాకెండ్ మనిషి. పక్క కంపెనీలో ఆ లెక్క వేరే ఉంటుంది.

లెక్క తప్పిన చోటు

అలాగని సన్‌రైజర్స్ అన్నీ ఒప్పులే చేసిందని కాదు. మిగిలిన 45 కోట్లలో 44.80 ఖర్చుపెట్టి పదిహేను మందిని కొంది. అందులో మహ్మద్ షమీకి 10 కోట్లు. 2023లో పర్పుల్ క్యాప్ గెలిచిన బౌలర్, కానీ గాయంతో 2024 సీజన్ మొత్తం ఆడలేదు. పాత రికార్డుకు కట్టిన ధర అది. 2025లో తొమ్మిది మ్యాచ్‌లు, ఆరు వికెట్లు. పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులు ఇచ్చాడు. ఆ నవంబరులోనే అతన్ని లక్నోకు ట్రేడ్ చేశారు. అదే వేలంలో 30 లక్షలకు వచ్చిన అనికేత్ వర్మ మాత్రం విశాఖలో ఢిల్లీ మీద 41 బంతుల్లో 74 కొట్టి చూపించాడు.

మొత్తం మీద 2025లో జట్టు మొదటి మ్యాచ్‌లో 286, చివరి మ్యాచ్‌లో 278 కొట్టింది. మధ్యలో వరసగా నాలుగు ఓడింది. చివరికి ఆరో స్థానం. ఉంచుకున్న బలం ఎక్కడికీ పోలేదు, కానీ బౌలింగ్‌లో పడిన గుంత పూడలేదు. అయినా 2026 సీజన్‌కు ఆ ఐదుగురిలో ఒక్కర్నీ వదల్లేదు. మార్చింది చుట్టూ ఉన్నవాళ్లనే.

మీ పర్సు ఎంత?

మీ దగ్గర కోట్లు లేవు, గంటలున్నాయి. రోజుకు ఐదు గంటలు, వారానికి ఆరు రోజులు, నాలుగు నెలలు చదివితే సుమారు 500 గంటలు. వచ్చే డ్రైవ్‌లోపు మీ పర్సు అంతే. రాయగిరి నుంచి ఉప్పల్ దాకా బస్సులో పోయే టైమ్ అందులోకి రాదు, ముందే తీసేయండి.

ఒక కాగితం తీసుకుని గత నాలుగైదు ఇంటర్వ్యూలు రాయండి. ఏ రౌండ్ దాటారు, ఎక్కడ ఆగారు. ప్రతిసారీ మిమ్మల్ని ముందుకు తోసిన నైపుణ్యం ఏదో ఒకటో రెండో కనిపిస్తాయి. ఎస్‌క్యూఎల్ కావచ్చు, సొంతంగా కట్టిన ప్రాజెక్టు కావచ్చు, తడబడకుండా చెప్పే తీరు కావచ్చు. మీ రిటెన్షన్ లిస్టు అదే. సగానికి పైగా గంటలు, 300 దాకా, దానికే ఇవ్వండి. ఒక్క చివరి రౌండ్ పోయిందని దాన్ని వదిలేసి కొత్త కోర్సుకు ఫీజు కట్టడమంటే, ఫైనల్లో రెండు పరుగులు చేశాడని అభిషేక్‌ను వేలానికి పంపడమే.

తర్వాత అదే కాగితంలో పదే పదే ఆగిన చోటు చూడండి. ఒక్కసారి పోతే అది వాళ్ల బడ్జెట్ లెక్క అనుకోవచ్చు. మూడుసార్లు ఒకే రౌండ్‌లో పోతే అది మీ బౌలింగ్. దాన్ని నింపాల్సిందే, 150 గంటలు దానికి. ఇక్కడ షమీ పాఠం గుర్తుంచుకోండి: పేరు చూసి కొనకండి. పెద్ద సంస్థ పేరున్న ఖరీదైన సర్టిఫికెట్ కన్నా, నెల రోజులు వారానికి రెండు మాక్ ఇంటర్వ్యూలు ఫ్రెండ్‌తో చేయడం మేలు. ఖర్చు చాయ్ డబ్బులే. మిగిలిన 50 గంటలు అనికేత్ లాంటి చిన్న పందేనికి ఉంచుకోండి. ఇష్టమైన కొత్త టూల్ ఏదైనా నేర్చుకుని చూడండి.

ఇక వదలాల్సినవి. సగంలో ఆపిన మూడు ఆన్‌లైన్ కోర్సులు, రెజ్యూమేలో ఉండి ప్రశ్న అడిగితే జవాబు రాని నాలుగు టెక్నాలజీలు, అందరూ రాస్తున్నారని నింపిన అప్లికేషన్లు. పదేళ్ల భువనేశ్వర్‌నే వదులుకోవాల్సి వచ్చింది వాళ్లకు. మీరు ఆ ట్యాబ్‌లు మూసేయలేరా?

ఈ ఆదివారం ఒక గంట చాలు. ఆ కాగితం మీద ముందు ‘ఉంచేవి’ అని రాయండి. ‘మార్చేవి’ అన్న మాట దాని కిందే రావాలి.